దొరసానిగారు ఇంట్లో లేరు

రిచ్‌మండ్ హిల్,
ఫిబ్రవరి 13

మా కాబోయే కోడలు ధాత్రి తల్లిగారు, వైదేహి వదినగారికి,

బాలత్రిపురసుందరి నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం. మీ క్షేమం అడగవలసిన పని లేకపోయింది, నిన్న కళ్ళారా చూశాను. కిటికీ పక్కన కూర్చుని పింగాణీ కప్పులో టీ తాగుతున్నారు. క్షేమంగానే ఉన్నారు.

ఫోను చెయ్యకుండా ఉత్తరం ఎందుకంటే, ఫోనులో నా నోరు నా మాట వినదు. వాట్సాప్‌లో పెడదామంటే మా పిల్లలు కిరీటీ స్నేహా చదివేసి, "అమ్మా, చిల్" అంటారు. ఉత్తరంలో అయితే మధ్యలో ఎవరూ అడ్డురారు.

జరిగింది చెప్తాను, తప్పు ఎవరిదో మీరే చెప్పండి. మీతో ఒక మాట మాట్లాడాలని నిన్న మావారిని బయల్దేరదీసి హామిల్టన్ వచ్చాను. మీ ఇంటికి తాళం. ధాత్రికి ఫోన్ చేస్తే, హాస్పిటల్‌లో డ్యూటీలో ఉన్నానంటూ, "ఆంటీ, మామ్ ఈజ్ ఎట్ ద బిగ్ హౌస్ ఆన్ థర్స్‌డేస్" అని అడ్రసు పంపింది. ఎవరో ఉన్నవాళ్ళ ఇల్లు కాబోలు, మీరు చుట్టపుచూపుగా వెళ్ళారు కాబోలు అనుకున్నాం. బయట బోర్డు ఏదో ఉంది గానీ మంచు కప్పేసి అక్షరం కనపడలేదు.

తలుపు తట్టాను. ఆరడుగుల తెల్లాయన తీశాడు. తల మీద తెల్ల విగ్గు, మోకాళ్ళ దాకా లాగు, కింద ఆడపిల్లల్లా మేజోళ్ళు. వియ్యపురాలికి ఇంగ్లీషులో మాట లేదు కదా, "మై సన్ ఈజ్ మ్యారీయింగ్ హర్ డాటర్" అన్నాను. ఆయన నా తల మీదుగా రోడ్డు వైపు చూస్తూ, "హర్ లేడీషిప్ ఈజ్ నాట్ ఎట్ హోమ్, మేడమ్" అన్నాడు. పక్క కిటికీలో మీరు. వేలు పెట్టి చూపించాను. "నాట్ ఎట్ హోమ్, మేడమ్." మా ఆయన ముందుకొచ్చి, "సర్, షీ ఈజ్ దేర్, డ్రింకింగ్ టీ" అన్నారు. మళ్ళీ అదే మాట, అదే గొంతు. తలుపు వేసేశాడు.

వదినగారూ, నిశ్చితార్థం జరిగి నెల కాలేదు. మగపిల్లాడి తల్లీ తండ్రీ మైనస్ పన్నెండులో గుమ్మం బయట నిలబడి వెనక్కి వచ్చాం. తల కొట్టేసినట్టయింది. మే ముహూర్తానికి శుభలేఖలు అచ్చుకి ఇవ్వాలి. ఇవ్వాలా వద్దా అన్నది మీ జవాబు చూశాక ఆలోచిస్తాను.

ఇట్లు,
బాలత్రిపురసుందరి

తా.క.: తలుపు వేసే ముందు ఆ మనిషి నా ముందు ఒక వెండి పళ్ళెం పట్టాడు. లోపల ఏదో పూజ జరుగుతోంది, అందుకే రానివ్వడం లేదనుకుని, కళ్ళకి అద్దుకుని, రెండు డాలర్ల బిళ్ళ వేశాను. హారతి లేదని తర్వాత గమనించాను.


హామిల్టన్,
ఫిబ్రవరి 20

గౌరవనీయులైన వదినగారికి,

వైదేహి నమస్కారాలు. మీ ఉత్తరం చదివి కాళ్ళూ చేతులూ ఆడలేదు. మీరు వచ్చినట్టు నాకు నిజంగా తెలియదు. ఆ వేషంలో కళ్ళద్దాలు పెట్టుకోకూడదు. అవి లేకపోతే కిటికీ అవతల నాకు మంచు తప్ప ఏమీ కనిపించదు.

వేషం అంటే ఏమిటో చెప్పాలి. అది ఇల్లు కాదు, మ్యూజియం. రెండు వందల యాభై ఏళ్ళ కిందట జార్జి రాజుల కాలంలో లండన్ గొప్పింటి ఆడవాళ్ళు ఎలా బతికారో చూపిస్తారు. నేను గురువారాలు అక్కడ వాలంటీరుని. పేరు లేడీ హారియట్, వైకౌంటెస్‌ని, అంటే బిరుదున్న దొరసానిని. ఒక తెలుగు పాథాలజిస్టుకి ఈ వేషం ఎలా ఇచ్చారని మీకు అనిపించవచ్చు, నేనూ అడిగాను. జుట్టు ముందే నెరిసి ఉంది, పౌడరు కలిసొస్తుందన్నారు.

ఆవిడ బతుకు చూస్తే ముచ్చటా వేస్తుంది, జాలీ వేస్తుంది. నడుముకి తిమింగలం ఎముకలతో కుట్టిన రవిక. తల మీద జానెడు ఎత్తు జుట్టు, దానిలో గుర్రపు వెంట్రుకలు. ఇంటి నిండా నౌకర్లున్నా టీ ఆకు పెట్టెకి తాళం వేసి, ఆ చెవి తనే ఉంచుకుంటుంది. మా అమ్మమ్మ సామానుగది తాళాలు బొడ్లో దోపుకుని తిరిగేది, ఆవిడే గుర్తొస్తుంది. ఆ మహల్లో ఒక్క దువ్వెన కూడా ఈవిడ పేరున ఉండదు, అంతా మొగుడిదే. పిల్లల్ని దాది పెంచుతుంది. ఇంక ఈవిడకి మిగిలిన పనల్లా ఒకళ్ళింటికి వెళ్ళడం, ఒకళ్ళు రావడం. ఏడాది పొడుగునా పేరంటమే.

ఆ రాకపోకలకి ఒక పద్ధతుంది. అమ్మగారికి ఓపిక లేకపోతే నౌకరు "ఇంట్లో లేరు" అంటాడు. పైన ఉన్నారని వచ్చినవాళ్ళకీ తెలుసు. ఎవరూ ఏమీ అనుకోరు. పళ్ళెంలో తమ పేరున్న కార్డు వేసి వెళ్ళిపోతారు. మీరు వచ్చినప్పుడు నేను సందర్శకులకి ఈ ముచ్చటే చూపిస్తున్నాను. ఆ తలుపు దగ్గరాయన గ్యారీ, స్టీల్ ఫ్యాక్టరీలో రిటైరయ్యాడు, చాలా మంచివాడు. విగ్గు పెడితే మాత్రం సొంత భార్యనైనా లోపలికి పంపడు. మిమ్మల్ని ఆటలో కలిసిన సందర్శకులనుకున్నాడట. ఇన్నేళ్ళలో ఇంత బాగా కోపం నటించినవాళ్ళని చూడలేదట.

నేను ఫోనులో మాట్లాడలేను వదినగారూ. అందుకే మీరు ఉత్తరం రాయడం నాకు మేలే చేసింది. పోస్టులో వేస్తే ఆలస్యమవుతుందని నేనే తీసుకొచ్చి మీ తలుపు సందులో పెడుతున్నాను. లోపల లేడీ హారియట్ కార్డు పెట్టాను, మూల మడిచి. కార్డు నౌకరు చేత పంపకుండా స్వయంగా వచ్చి ఇచ్చామని దానికి అర్థం. వాళ్ళలో అంతకు మించిన గౌరవం లేదు.

మీ క్షమ కోరుతూ,
వైదేహి

తా.క.: మీరు వేసిన నాణెం గ్యారీ భద్రంగా ఉంచాడు. విగ్గు తీయకుండానే వచ్చి, "ఎలుగుబంటి బొమ్మ వేయించుకున్న ఈ రాజుగారు ఎవరమ్మా?" అని నన్నడిగాడు.


రిచ్‌మండ్ హిల్,
ఫిబ్రవరి 22

వైదేహి వదినగారికి నమస్కారములు.

మీ ఉత్తరం అందింది. మీరు అందలేదు.

మా డోర్‌బెల్‌కి కెమెరా ఉంది. ఎవరైనా గుమ్మం తొక్కితే ఇంటిల్లిపాది ఫోన్లూ మోగుతాయి. కిరీటి ఆఫీసులో మీటింగ్‌లో చూశాడు, స్నేహ బస్సులో చూసింది, మేం హాల్లో టీవీకి కలిపి చూశాం. మీరు వచ్చారు. బెల్లు మీద వేలు పెట్టి తీసేశారు. మా తలుపుతో "క్షమించండి వదినగారూ" అన్నారు. బాగాలేదనిపించిందేమో, గొంతు మార్చి మళ్ళీ అన్నారు. మోకాళ్ళు వంచి దణ్ణంలాంటిదేదో పెట్టారు. డ్రైవ్‌వేలో మంచు మీద జారి, లేచి, దులుపుకుని, మేం తలుపు తీసేలోగా వెళ్ళిపోయారు. మా ఆయన ఆ వీడియో మళ్ళీ మళ్ళీ చూస్తుంటే ఎందుకండీ అన్నాను. "పడి కూడా ఎంత హుందాగా లేచారో చూడవే" అన్నారు. ఆయన మీ పార్టీలో చేరిపోయినట్టున్నారు.

నేను చేరలేదు. మొన్న మేం వస్తే మీరు ఇంట్లో లేరు. ఇప్పుడు మేం ఇంట్లో ఉంటే మీరు రాలేదు. వియ్యపురాలు గుమ్మం దాకా వచ్చి గ్లాసుడు మంచినీళ్ళు తాగకుండా వెళ్ళిందని నలుగురికీ తెలిస్తే నన్నేమనుకుంటారు?

ఇక ఆ కార్డు. శుభలేఖకి నాలుగు మూలలా పసుపు రాసే వాళ్ళం మనం. మూల మడిచిన కార్డు, పెళ్ళి పెట్టుకున్న ఇంటికి పంపుతారా? ఆ రోజుల్లో మూల చెడిన కార్డు ఎలాంటి కబురు మోసుకొచ్చేదో నేను రాయను, చేయి రాదు. కవరు విప్పగానే గుండె ఆగినంత పనై, కాకినాడలో మా పిన్నికి ఫోన్ చేశాను. లక్షణంగా ఉంది. ఎందుకు చేశావని అడిగితే, ఉన్నావో లేదో అని చేశానని ఎలా చెప్పను? ఏదో చెప్పాను. నమ్మలేదు.

ప్రెస్సువాళ్ళు శుభలేఖల గురించి అడిగారు, ఆగమన్నాను. కిరీటి నాతో మాట్లాడటం మానేశాడు. స్నేహ మాత్రం, "అమ్మా, యు డోంట్ అండర్‌స్టాండ్ దెయిర్ రూల్స్" అంటూ మీ దొరసానుల మర్యాదల మీద ఏవో వీడియోలు చూపిస్తోంది. చూస్తున్నాను.

వచ్చే నెల ఏడు, శనివారం, పదకొండింటికి మా ఇంటికి రండి. ఈసారి బెల్లు కొట్టండి. మీకు ఎలాంటి మర్యాద జరగాలో అలాంటిదే జరిపిస్తాను.

ఇట్లు,
బాలత్రిపురసుందరి

తా.క.: జారిపడ్డారు కదా, నడుం పట్టేసిందా? వేడినీళ్ళ కాపడం పెట్టండి, వాపు ఉంటే ధాత్రికి చూపించండి. కోపం కోపమే, నడుం నడుమే.


హామిల్టన్,
మార్చి 8

వదినగారికి,

నమస్కారాలు. నిన్న మీ ఇంటి నుంచి వచ్చాక రాద్దామని కూర్చుని, చేతకాక లేచాను. ఇవాళ రాస్తున్నాను.

లేడీ హారియట్‌ని హామిల్టన్‌లోనే వదిలి, అచ్చంగా మన పద్ధతిలో రావాలనుకున్నాను. కంచి పట్టుచీర కట్టుకున్నాను. పసుపు, కుంకుమ, గాజులు, తమలపాకులు పళ్ళెంలో సర్దుకున్నాను. నిశ్చితార్థం నాడు నేను సరిగ్గా తినలేదని మీరు నొచ్చుకున్నారని ధాత్రి తర్వాత చెప్పింది. అందుకని నిన్న పొద్దుటి నుంచి కాఫీ చుక్క కూడా ముట్టలేదు. మీరు ఎన్నిసార్లు వడ్డించినా వద్దనకూడదని ఒట్టు పెట్టుకుని బయల్దేరాను. మావారు విశ్వనాథంగారు జలుబు చేసి రాలేకపోయారు. ఆయన వచ్చి ఉంటే బాగుండేది, మా ఇద్దరి మాటలూ ఆయనే మాట్లాడతారు.

బెల్లు కొట్టాను. అన్నయ్యగారు తలుపు తీసి, నా జాకెట్ అందుకోబోయి, మీ వైపు చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నారు. జాకెట్‌తోనే కూర్చున్నాను. మీరు నిటారుగా కూర్చుని, "ప్రయాణం సౌఖ్యంగా జరిగిందా? వాతావరణం చల్లగా ఉన్నది" అన్నారు. నన్ను ఏనాడూ అంత దూరం పెట్టి మాట్లాడలేదు. చిన్న కప్పులో టీ, పల్చటి బిస్కట్ ఒకటి. వంటింట్లోంచి గుత్తివంకాయ కూర వాసన వస్తోంది. పులిహోర పోపు కూడా. మరెవరో భోజనానికి వస్తున్నారు కాబోలు అనుకున్నాను. పావుగంట గడిచిందో లేదో మీరు లేచి నిలబడ్డారు. అన్నయ్యగారు వెళ్ళి తలుపు తెరిచి పట్టుకున్నారు. నేను తెచ్చిన పళ్ళెం టీపాయ్ మీద అలాగే ఉండిపోయింది. మీకు బొట్టు పెట్టడానికి కూడా వీలు కాలేదు.

నాకు అర్థమైంది వదినగారూ. సంబంధం వద్దన్న మాట నోటితో అనకుండా చెప్పారు. మీ మర్యాద మీరు కాపాడుకున్నారు.

ఒక్క మాట చెప్పుకోనివ్వండి. ముప్పై ఏళ్ళు ల్యాబ్‌లో మైక్రోస్కోపు ముందు కూర్చున్నాను. మనుషులు నా దగ్గరికి గాజు పలకల మీద వచ్చేవాళ్ళు. వాళ్ళతో మాట్లాడే పని లేదు. నలుగురిలో కూర్చుంటే ఇప్పటికీ నాలుక మడత పడుతుంది. నిశ్చితార్థం నాడు మీతో చెప్పాలని కారులో ఎన్నో మాటలు కూర్చుకున్నాను, ఒక్కటీ బయటికి రాలేదు. ఆ మ్యూజియంలో గౌను వేసుకుంటే మాట్లాడేది నేను కాదు, హారియట్. అందుకే అక్కడ మాటలు వస్తాయి. మీకు రాసే ఉత్తరాల్లో వస్తున్నాయి. అంతే, ఇంకెక్కడా రావు.

నా మూగతనానికి పిల్లలకి శిక్ష వెయ్యకండి. కిరీటి ఫోన్ చేస్తే ధాత్రి మేడ మీద నవ్వుతుంటుంది, ఆ నవ్వు కిందికి వినిపిస్తుంది. నా వల్ల ఆ నవ్వు ఆగిపోతే నేను తట్టుకోలేను. ఈ దొరసాని వేషమే మీకు అభ్యంతరమైతే రేపే మానేస్తాను. గౌను ఉతికి మడత పెట్టేశాను.

మీ,
వైదేహి

తా.క.: దారిలో ఆగి కాఫీ, డోనట్ తీసుకున్నాను. ఇంటికి రాగానే ధాత్రి, "అమ్మా, వాట్ డిడ్ దే ఫీడ్ యూ?" అని అడిగింది. గుత్తివంకాయ, పులిహోర అని చెప్పాను. వాసనను బట్టి చెప్పాను కనుక పూర్తిగా అబద్ధం కాదు. బొబ్బట్లు కూడా ఉన్నాయని నా అనుమానం.


రిచ్‌మండ్ హిల్,
మార్చి 12

వైదేహీ,

ఇక నుంచి నిన్ను మీరు అనను. నీకంటే నాలుగేళ్ళు పెద్దదాన్ని, పైగా ఇవాళ బాగా ఏడ్చి ఉన్నాను.

ఉన్నాయి. బొబ్బట్లు కూడా ఉన్నాయి. అవన్నీ నీకోసమే చేశాను. ముందు రోజంతా వంటింట్లోనే ఉన్నాను. ఆ స్నేహ చూపించిన వీడియోలు నా కొంప ముంచాయి. వచ్చిన దొరసాని టోపీ, కోటు తియ్యదట. తియ్యమనడం అమర్యాదట. వాతావరణం తప్ప వేరే మాట ఎత్తకూడదట. పావుగంట దాటి కూర్చోబెడితే అతిథిని ఇబ్బంది పెట్టినట్టట. వాళ్ళ పద్ధతిలో పావుగంట గౌరవం చేసేస్తే, ఆ తర్వాత నువ్వే "పదండి వదినగారూ, ఆకలేస్తోంది" అంటావనుకున్నాను. నువ్వేమో లేచి వెళ్ళిపోయావు. తలుపు తెరవమని మీ అన్నయ్యగారికి ముందే చెప్పి ఉంచాను, వీడియోలో నౌకరు అలాగే తెరిచాడు మరి.

నీ కారు కదిలాక స్నేహతో కలిపి ముగ్గురం పన్నెండు మందికి సరిపడా వంట ముందు కూర్చున్నాం. ఎవరికీ ముద్ద దిగలేదు. "ఆవిడ కళ్ళల్లో నీళ్ళున్నాయి సుందరీ" అన్నారాయన. చలికి అన్నాను. నీ ఉత్తరం వచ్చాక ఆయనకి మొహం చూపించలేకపోయాను.

ఇప్పుడు అసలు సంగతి విను. చదివాక నన్నేమన్నా పడతాను.

నిశ్చితార్థం నాడు నువ్వు నాతో మాట్లాడింది రెండే ముక్కలు. నేను డిగ్రీ మధ్యలో మానేసినదాన్ని, నువ్వు డాక్టరువి. పొగరు అనుకున్నాను. ఈ మనిషితో జీవితాంతం వియ్యమా, నా వల్ల కాదు అనుకున్నాను. కిరీటికి చెప్పలేదు, నీకే నేరుగా చెప్పేద్దామనుకున్నాను. ఆ గురువారం నేను హామిల్టన్ వచ్చింది సంబంధం వద్దని చెప్పడానికి, వైదేహీ. మంచు పడుతుంటే మీ అన్నయ్యగారు దారి పొడుగునా వద్దే సుందరీ అంటూనే ఉన్నారు. నేను వినలేదు. ఆ రోజు నువ్వు లోపలికి పిలిచి కూర్చోబెట్టి ఉంటే, నీ చేతి టీ తాగి, ఆ మాట చెప్పేసి వచ్చేదాన్ని. ఈ పెళ్ళి ఆ రోజే ఆగిపోయేది.

చెప్పలేకపోయాను కనుక కోపం వచ్చింది. కోపం వచ్చింది కనుక ఉత్తరం రాశాను. నువ్వు జవాబు రాశావు. అందులో ఉన్న మనిషి నాకు నిశ్చితార్థంలో కనపడలేదు. ఆ దువ్వెన మాట చదివి నవ్వాను, మళ్ళీ చదివి దిగులుపడ్డాను. కోపంగా ఉన్నానని నీకు రాస్తూనే, పోస్టు ఎప్పుడొస్తుందా అని కిటికీలోంచి చూసేదాన్ని. నాకింత బాగా ఎవరూ ఉత్తరం రాయలేదు.

శుభలేఖలు అచ్చుకి ఇచ్చేశాను. కిరీటి మళ్ళీ నాతో మాట్లాడుతున్నాడు, అడిగినదానికల్లా "థాంక్స్ అమ్మా" అంటున్నాడు, అదే కాస్త విసుగ్గా ఉంది. నువ్వు వదిలి వెళ్ళిన పళ్ళెంలో కుంకుమ తీసి నేనే పెట్టుకున్నాను, నువ్వు పెట్టినట్టే అనుకున్నాను. ఆదివారం మీరు ముగ్గురూ భోజనానికి రావాలి. విశ్వనాథం అన్నయ్యగారి జలుబుకి మిరియాల చారు పెడతాను. నువ్వు మాట్లాడకపోయినా ఫరవాలేదు, తిను చాలు. మాట్లాడాలనిపిస్తే నా పక్కన కూర్చుని కాగితం మీద రాసి ఇవ్వు, నేనూ రాసి ఇస్తాను.

నీ వదిన,
బాలత్రిపురసుందరి

తా.క.: నువ్వు వేషం మానేస్తానన్నావు కదా, మానడానికి వీల్లేదని చెప్పడానికి నిన్న మ్యూజియం మేనేజరమ్మ దగ్గరికి వెళ్ళాను. అరగంట దెబ్బలాడాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, డచెస్ వేషానికి ఏడాదిగా మనిషి దొరకడం లేదు, మీరు వేస్తారా అంది. వచ్చే గురువారం నుంచి నేనూ వస్తున్నాను. డచెస్ గదిలోకి వస్తే వైకౌంటెస్ లేచి నిలబడాలట, భోజనాలకి ఆవిడ వెనకే నడవాలట. ఇవన్నీ నేర్పడానికి రెండు వారాలు ట్రైనింగ్ ఉంటుందంది. మగపిల్లాడి తల్లిని, నాకు అక్కర్లేదన్నాను.